చప్పుడు చెయ్యని లాప్‌టాప్

రాజోలు,
1 జులై 2025.

దుర్గా,

వదిన ఉత్తరం రాసిందేమిటి, ఫోను పాడైందా అని కంగారుపడకు. ఫోను బాగానే ఉంది. అదే ఇబ్బంది. మన ఇంట్లో సిగ్నలు వరండాలో, సరిగ్గా మీ అమ్మగారు కూర్చునే చోట తప్ప ఇంకెక్కడా అందదు. వాట్సాప్‌లో రాద్దామంటే నా ఫోను ఎప్పుడూ మీ అన్నయ్య చేతిలోనే ఉంటుంది. వచ్చిన మెసేజీని వచ్చినట్టు పైకి చదివి అందరికీ వినిపిస్తారు. మొన్న నువ్వు "వదినా, ఆ సంగతి ఏమైంది?" అని పెట్టావు చూడు, అది పట్టుకుని అత్తయ్యగారు రెండు రోజులు నన్ను వదల్లేదు. ఏ సంగతని అడిగితే చింతపండు సంగతి అన్నాను. ఇప్పుడు మీ ఇంటికి ఐదు కేజీల చింతపండు వస్తోంది. కాదనకుండా తీసుకో.

ఆ సంగతి ఏమైందంటే, కుదరలేదు.

మీ పాపకి ఆటలమ్మ పోసినప్పుడు నేను ఫోనులో కథ చదివి పంపడమేమిటి, నువ్వు దాన్ని తీసుకెళ్లి హైదరాబాదులో ఆడియో పుస్తకాలు చేసేవాళ్లకి పంపడమేమిటి! ఆ యామిని అనే అమ్మాయి ఒక అధ్యాయం చదివి పంపమంది కదా. మీ అన్నయ్య మూడేళ్ల కిందట అమలాపురంలో కొన్న లాప్‌టాప్ మీదే రికార్డు చేశాను. నీకు గుర్తుందిగా, పీటంత ఉంటుంది. అది తెరిచిన ఐదు నిమిషాలకి లోపల ఫ్యాను మొదలవుతుంది. యామిని విని, "మేడం, చాలా బాగా చదివారు. మీ ఇల్లు రైసుమిల్లు పక్కనా?" అని అడిగింది.

అయినా ఇంకో అవకాశం ఇచ్చింది. ఒక డిటెక్టివ్ నవల, పన్నెండు అధ్యాయాలు. ఆగస్టు నెలాఖరులోగా చప్పుడు లేకుండా చదివి పంపితే నాది. లేకపోతే ఇంకొకరికి.

మీ కాలేజీలో ఒకావిడ దగ్గర సన్నగా, వెండిరంగులో ఉన్న చిన్న లాప్‌టాప్ చూశాను. అది కొనొచ్చా? మా అన్నయ్య పసుపుకుంకుమల కింద ఇచ్చింది బ్యాంకులో నా పేరునే ఉంది. మంచీ చెడ్డా రెండూ రాయి. అమ్మేవాడిలా రాయకు.

ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పకు. వద్దంటారని కాదు. అందరికీ చెప్పి కొన్నాక నా వల్ల కాలేదనుకో, మీ అన్నయ్య ఏమీ అనరు, ఆ ఏమీ అనకపోవడమే నేను భరించలేను. కుదిరిననాడు నేనే చెప్తాను.

జవాబు మన ఇంటికి కాదు, లక్ష్మీతులసి కుట్టుమిషను దుకాణానికి రాయి. జాకెట్ల పేరు చెప్పి వారానికోసారి వెళ్తాను.

నీ వదిన
సత్యవేణి


రామచంద్రపురం,
5 జులై.

వదినా,

చింతపండు అందింది. మళ్లీ ఏ సంగతైనా దాచాల్సి వస్తే బెల్లం అని చెప్పు.

పదిహేనేళ్లుగా కంప్యూటర్లు పాఠం చెబుతున్నాను. "మంచీ చెడ్డా రెండూ చెప్పండి" అని అడిగిన విద్యార్థి ఒక్కరూ లేరు. అందరికీ ఏ రంగు బాగుంటుందనే కావాలి. అందుకని తీరిగ్గా రాస్తున్నాను, కూర్చుని చదువు.

ముందు మంచి. బరువు కిలోం పావు. వలిచిన కొబ్బరికాయలు రెండు చేత్తో పట్టుకుంటే ఎంతో అంత. మందం, లక్ష్మీతులసి మడిచి ఇచ్చిన జాకెట్టంత. పొద్దున్న కాఫీ వేళ చార్జింగు తీస్తే సాయంత్రం దీపాల దాకా నడుస్తుంది, కరెంటు పోయినా దానికి తెలీదు. తెర మీద తెలుగు అక్షరాలు వత్తులతో సహా కనిపిస్తాయి. మైకు గుసగుసని కూడా వదలదు. అన్నిటికంటే పెద్ద సంగతి, అందులో ఫ్యానే లేదు. ఉంటే కదా తిరిగేది.

ఇంక చెడ్డ. ఆ ధరకి అన్నయ్యలాంటివాళ్లు రెండు పెద్ద లాప్‌టాప్‌లు కొని ఇంకా బేరమాడతారు. ఉన్నవి రెండే కన్నాలు, అవీ సన్నవి. మామూలు పెన్‌డ్రైవు పట్టదు. దానికి అడాప్టరని వేరే తోక కొనాలి. మెమరీ కొన్ననాడు ఎంతో ఎప్పటికీ అంతే, తరవాత పెంచుదామంటే లోపల అతికేసి ఉంటుంది. తెర చిన్నది, నీకు కళ్లజోడు తప్పదు. ఏదైనా పాడైతే రాజోల్లో ఎవరూ ముట్టుకోరు, విజయవాడ తీసుకెళ్లాలి. బరువు పని పెడితే వేడెక్కి నెమ్మదిస్తుంది, ఫ్యాను లేని పాపం అక్కడ తెలుస్తుంది. చదివి రికార్డు చెయ్యడం దానికో పని కాదు కాబట్టి నీకు ఆ భయం లేదు.

ఎవరడిగినా ఇంత ఖరీదు ఎందుకమ్మా అనేదాన్ని. నీకు కావలసింది మాత్రం నోరు మూసుకుని కూర్చునేది. మన చుట్టాల్లో అలాంటివాళ్లు దొరకరు. బజార్లో దొరుకుతోంది. కొనుక్కో.

కాకపోతే ఆషాఢం వెళ్లనీ. అమ్మకి తెలిసిననాడు అదొక నేరం కాకూడదు. శ్రావణం రాగానే నేనే కొని ఉంచుతాను. మావారు తాటిపాక పనిమీద వస్తున్నారు, చీర అట్టపెట్టెలో పెట్టి తెచ్చి ఇస్తారు. చీర అనుకుంటారు.

నీ ఆడపడుచు
(అమ్మ దృష్టిలో మాత్రం అమాయకురాలు)
దుర్గ


రాజోలు,
1 ఆగస్టు.

దుర్గమ్మకి,

చీర అనుకుంటారన్నావు. అనుకున్నారు. "దుర్గ పంపిన చీర చూపించవే" అని అత్తయ్యగారు అప్పుడే అడిగారు. ఫాల్ కుట్టడానికి లక్ష్మీతులసికి ఇచ్చేశానన్నాను. రంగేమిటంటే వెండిరంగన్నాను. అబద్ధం కాదు కదా.

పెట్టెలోంచి తీసినప్పుడు రెండుసార్లు భయపడ్డాను. ఇంత సన్నటిదానికి అంత ధరా అని ఒకసారి, ఇంత సన్నటిది విరిగితే ఏం గతి అని ఇంకోసారి. తెరిచాక చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు.

ఎక్కడ చదువుతున్నానో చెబితే నవ్వకు. పెరటివైపు కొబ్బరికాయల గది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మీ అన్నయ్య పొలంలో ఉంటారు, అత్తయ్యగారు నడుం వాలుస్తారు. ఆ గదిలో ప్లగ్గు లేదు, బ్యాటరీ ఉంది కాబట్టి అక్కర్లేదు. గోడల నిండా గోనెసంచులు వేలాడదీశాను, గొంతు మోగకుండా. యామిని మొదటి అధ్యాయం విని "మేడం, ఏ స్టూడియో?" అని మెయిలు పెట్టింది. రాజోలు కోకోనట్ స్టూడియో అని రాద్దామనుకున్నాను. ఫైళ్లు పంపడానికి జాకెట్ల సంచిలో పెట్టుకుని లక్ష్మీతులసి దుకాణానికి పోతున్నాను, అక్కడ నెట్టు బాగుంది. ఆ పీటలాంటిదైతే ఇలా మోసేదాన్నా?

ఇంక నువ్వు రాయని చెడ్డ ఒకటి నేను కనిపెట్టాను. మిషను చప్పుడు చెయ్యదు గనక ఇంట్లో చప్పుళ్లన్నీ అందులో పడుతున్నాయి. మొదటిరోజు రికార్డులో ఒక బల్లి, రెండు కాకులు, పక్కింటివాళ్ల మిక్సీ, దింపువాళ్లు పెరట్లో కొబ్బరికాయలు పడేస్తున్న దబ్బుదబ్బులు. కథలో శవాన్ని చూసి అందరూ నిశ్శబ్దమైపోయే చోట దబ్బుమని కాయ పడింది. యామిని అదొక్కటీ ఉంచేద్దామంది.

ఇంకోటి. హాల్లో చార్జింగు పెట్టి దాని మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోంది. గట్టిగా కాదు, చీమలు పాకినట్టు. ఇంత ఖరీదైనది ఇలా చెయ్యొచ్చా? వెంటనే రాయి.

రెండు అధ్యాయాలు అయ్యాయి. మూడోదాన్లో విలన్ వస్తాడు. మగ గొంతు పెట్టాలి. సాధన చేస్తున్నాను.

సత్యవేణి


రామచంద్రపురం,
5 ఆగస్టు.

వదినా, వదినా,

ముందు జివ్వు సంగతి. తప్పు లాప్‌టాప్‌ది కాదు, మన ఇంటిది. దాని ఒళ్లంతా లోహం. హాల్లో ఎక్స్‌టెన్షను పెట్టెకి ఎర్తు లేదు. వంటింట్లో మూడు కన్నాల ప్లగ్గుకి మాత్రమే పెట్టు. ఇంటి ఎర్తు గుంట పెరట్లో గోడ మూల ఉంది, నాన్నగారు పోయాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. రోజూ రెండు చెంబుల నీళ్లు పొయ్యి. ఉప్పు, బొగ్గు కూడా వేస్తారు. వీలైనప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు.

ఇప్పుడు అసలు సంగతి. ఆదివారం అమ్మ ఫోను చేసింది. గొంతు తగ్గించి, "దుర్గా, మీ వదినకేదో పట్టిందే" అంది.

"ఏం పట్టిందమ్మా?"

"మజ్జానం నిద్దరట్టక పెరటేపెళ్లేను. కొబ్బరి గదిలో తలుపేసుకుని మగాడి గొంతుతో మాటాడతంది. నిన్నొదల్ను, నీ వంశాన్నొదల్ను అంటంది. నా వంశమంటే మీ అన్నయ్యేగా!"

ఏదో ఒకటి చెప్పాలి కదా. శ్రావణమాసం కదా అని, "వ్రతం పట్టిందమ్మా. నాకు చెప్పింది. రోజూ రెండు నుంచి నాలుగు దాకా తలుపు వేసుకుని కథ చదువుకోవాలి, మధ్యలో ఎవరూ పిలవకూడదు" అన్నాను. చదివేది కథే కాబట్టి పూర్తి అబద్ధం కాదు.

"మరా మగ గొంతో?"

"వ్రతకథలో రాక్షసుడు ఉంటాడు కదమ్మా."

అమ్మ చాలాసేపు ఆలోచించి "ఆయ్, ఉంటాడు" అని ఫోను పెట్టేసింది. నాకు తెలిసి గండం గడిచింది. నువ్వు ఇంక నిశ్చింతగా చదువుకో.

దుర్గ


రాజోలు,
13 ఆగస్టు.

నిశ్చింతగా చదువుకోమన్న దుర్గాదేవికి నమస్కారం.

నీ ఉత్తరం నాకు శనివారం అందింది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం అయిపోయింది. ఈ మధ్యలో ఏమైందో చెప్తాను.

కోడలు నిష్ఠగా వ్రతం చేస్తోందని అత్తయ్యగారు వీధంతా చెప్పేశారు. శుక్రవారం సాయంత్రం పేరంటానికి వచ్చిన పద్నాలుగు మంది ఆడవాళ్లు తాంబూలం తీసుకుని లేవరే! అందరూ నా మొహం చూస్తున్నారు. చివరికి ఒకావిడ, "సత్యవేణిగారూ, మీరు పట్టిన వ్రతం పేరేంటండీ? మా కోడలు చేత కూడా పట్టిద్దావని" అంది. నాకేం తెలుసు? నీ ఉత్తరం ఇంకా రాలేదాయె! వ్రతమేమిటండీ అనబోయి, అత్తయ్యగారి మొహం చూసి ఆగిపోయాను. "పేరు చెప్పకూడదండీ" అన్నాను. దాంతో ఇంకా గొప్పదైపోయింది. ఇప్పుడు ముగ్గురు ఉద్యాపనకి పిలవమని గట్టిగా చెప్పి వెళ్లారు.

ఒక మేలు మాత్రం జరిగింది. వ్రతం మాట విని మీ అన్నయ్య కాయల దింపు పొద్దుటి పూటకి మార్చేశారు. దబ్బుదబ్బులు ఆగాయి.

అంతా బాగుందనుకుంటే నీ రెండో సలహా. శనివారం నుంచి గోడమూల రెండు చెంబులు నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు, నాలుగు బొగ్గులు వేస్తున్నాను. నిన్న తల ఎత్తి చూస్తే కిటికీలో అత్తయ్యగారు. గోడమూల ఉప్పూ బొగ్గూ వేసే కోడలిని చూసి ఏ అత్తగారు ఏమనుకోవాలో అదే అనుకున్నారు. "అదేం వ్రతమే?" అని అడగలేదు. నేరుగా వెళ్లి విభూతి పెట్టుకున్నారు. రాత్రి నా కంచంలో కూడా విభూతి ఉంది.

పైగా ఇన్నిసార్లు లక్ష్మీతులసి దగ్గరికి వెళ్లినా ఒక్క జాకెట్టూ ఇంటికి రాలేదని అత్తయ్యగారు లెక్కపెట్టారట. వెండిరంగు చీర కూడా రాలేదు.

ఇదంతా పక్కన పెడితే ఏడు అధ్యాయాలు అయ్యాయి. నువ్వు రాసినవాటిలో తెర చిన్నదన్నది మాత్రం నిజం, సాయంత్రానికి కళ్లు లాగుతున్నాయి. అయినా దుర్గా, విలన్ చేత వికటాట్టహాసం చేయించేటప్పుడు నాకే నవ్వొచ్చి ఆపుకోలేక పోతున్నాను. నవ్వి, తుడిచేసి, మళ్లీ చదువుతున్నాను. ఈ పని నాకు ఇంత ఇష్టమని తెలీదు. ఇంకొక ఐదు అధ్యాయాలు. రెండు వారాలు ఇంటిల్లిపాదీ నన్ను ఏమనుకున్నా సరే, ఓర్చుకుంటాను.

ఇంక నువ్వు ఎవరికీ ఏమీ సర్దిచెప్పకు. దండం పెడతాను.

సత్యవేణి


రామచంద్రపురం,
18 ఆగస్టు.

వదినా,

క్లాసుకి క్లాసుకి మధ్య రాస్తున్నాను. అమ్మ నాలుగుసార్లు ఫోను చేసింది. ముమ్మిడివరం వైపు నుంచి పాపారావని ఒక భూతవైద్యుణ్ణి పిలిపిస్తుందట. వేపమండలు, నిమ్మకాయలు వగైరా. "ఏమీ లేదమ్మా, అది కరెంటు కోసం" అన్నాను. "కరెంటుకి ఉప్పెందుకే? నిన్ను కూడా పట్టిందా?" అంది. సర్దిచెప్పొద్దన్నావు కాబట్టి ఊరుకున్నాను.

అది కాదు నా భయం. నిన్న అన్నయ్య ఫోను చేశాడు. పిల్లలెలా ఉన్నారు, వానలున్నాయా అని అడిగి, కాసేపు నీళ్లు నమిలి, "చెల్లీ, దెయ్యాలు ఏం తింటాయి?" అన్నాడు. ఏమీ తినవన్నయ్యా అన్నాను. "మరి బతకాలి కదా" అని పెట్టేశాడు.

వదినా, అన్నయ్యకి ఏదో అయింది. నువ్వు నవలా గివలా పక్కన పెట్టి వెంటనే నిజం చెప్పెయ్యి.

దుర్గ


రాజోలు,
25 ఆగస్టు.

దుర్గా,

చెప్పేశాను. ఎలా చెప్పానో మొదట్నించీ రాస్తాను, తొందరపెట్టకు.

శనివారం మధ్యాహ్నం లక్ష్మీతులసి దుకాణంలో లాప్‌టాప్ తెరిస్తే యామిని మెయిలు ఉంది. గురువారం నేను పంపిన పదకొండో అధ్యాయం గురించి. ఆ రోజు చదవడం అయ్యాక దాహమేసి మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్లాను, రికార్డింగు ఆపడం మరిచిపోయాను. నెట్టు పోయేలా ఉందని మళ్లీ వినకుండానే పంపేశాను. యామిని రాసింది ఇంతే: "మేడం, చివరి రెండు నిమిషాలు పుస్తకంలో లేవు. మేము తీసేస్తాం. మీరు మాత్రం ఒకసారి వినండి."

చెవుల్లో పెట్టుకుని విన్నాను. గది బయట అరుగు మీద మాటలు. చప్పుడు చెయ్యని మిషను కదా, ఒక్క అక్షరం పోలేదు.

"ఒరే బుల్లిరాజూ, శనివారం పాపారావుని రమ్మని కబురెట్టేను."

"వద్దమ్మా."

"వద్దంటావేంట్రా! మగాడి గొంతురా అది. సంపి గోదాట్లో పారేత్తానంటంది."

"ఆయ్, విన్నాను."

"ఇని ఊరుకున్నావా? బయంలేదూ?"

"ఎందుకు లేదు? ఉంది. నాల్రోజుల్నించి అటేపు తిరిగి పడుకోటం లేదు." కాకి అరిచింది. తరవాత మళ్లీ మీ అన్నయ్య. "నిన్న గదిలో నవ్విందమ్మా. గట్టిగా. పెళ్లైన కొత్తలో అలా నవ్వేది. తరవాతెప్పుడు మానేసిందో నేను చూసుకోలేదు."

"అయితే?"

"పట్టిందేదో పట్టింది. మనల్నేవీ అన్లేదు కదా. దానిక్కూడా ఓ విస్తరేద్దాం. వెళ్లగొట్టొద్దు."

అయిపోయింది. లక్ష్మీతులసి కుట్టడం ఆపేసి, ఏమీ అడక్కుండా మంచినీళ్లు ఇచ్చింది. తాగి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

వెళ్లేసరికి పాపారావు వచ్చేసి ఉన్నాడు. హాల్లో పీట, వేపమండలు, నిమ్మకాయలు అన్నీ సిద్ధం. మీ అన్నయ్య వాకిట్లో ఆయనకి అడ్డంగా నిలబడి, "ముందు కాఫీ తాగండి, కాఫీ తాగండి" అంటున్నారు. మూడో గ్లాసట. ఆయన తాగలేక చస్తున్నాడు.

లాప్‌టాప్ తీశాను. బ్యాటరీ అడుగంటింది. కంగారులో వంటింటి ప్లగ్గు గుర్తురాలేదు, హాల్లో ఎక్స్‌టెన్షను పెట్టెకే తగిలించి, విలన్ ఉన్న మూడో అధ్యాయం పెట్టాను. "నిన్ను వదలను!" అంది మిషను.

"అదే! అదే గొంతు!" అన్నారు అత్తయ్యగారు. నేను పక్కనే నోరు మూసుకుని నిలబడి ఉన్నాను కాబట్టి, నాలోంచి వచ్చి అందులో దూరిందనుకున్నారు.

పాపారావు ధైర్యంగా ముందుకొచ్చి, నీళ్లు చల్లిన తడి చెయ్యి దాని మీద వేశాడు. జివ్వుమంది. ఒక్క గెంతు గెంతి గుమ్మం దగ్గర పడ్డాడు. "ఇది మా శాఖ కాదండి, కరెంటోళ్లది" అని మండలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. నువ్వేమీ అనకు, ఆదివారమే ఎలక్ట్రీషియన్ మధుబాబు వచ్చి హాలుకి కూడా ఎర్తు లాగేశాడు.

తరవాత నేను కూర్చుని ఇద్దరికీ అంతా చెప్పాను. మీ అన్నయ్య తలొంచుకుని విని, "నాకు చెప్తే వద్దంటానా?" అన్నారు.

"అంటారు" అన్నాను.

కాస్త ఆలోచించి, "ఆయ్, అంటాను" అని ఒప్పుకున్నారు.

నేను రికార్డులో ఏం విన్నానో ఆయనకి చెప్పలేదు. చెబితే సిగ్గుపడి నెలరోజులు నా మొహం చూడరు. రాత్రి భోజనాలప్పుడు మాత్రం నా కంచం పక్కన ఒక విస్తరి వేశాను. "అదెవరికి?" అన్నారు. "విలన్‌కి" అన్నాను. ఆయన నావైపు చూసి, చూసి, నవ్వేశారు. అర్థమైందనే అనుకుంటున్నాను.

అత్తయ్యగారికి నా మీద కోపం లేదు. "అయితే వ్రతం అబద్ధవా?" అన్నదొక్కటే ఆవిడ బాధ. ఊరందరికీ చెప్పుకున్నారు కదా! ఆ కోపమంతా నీమీదకి మళ్లింది. చవితికి ఉండ్రాళ్లు కూడా పంపరట. నేను పంపుతాను.

పన్నెండో అధ్యాయం రేపు. హాల్లో కూర్చుని చదవమన్నారు మీ అన్నయ్య. కొబ్బరి గదే బాగుంటుందన్నాను.

సత్యవేణి


రామచంద్రపురం,
30 ఆగస్టు.

వదినా,

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో చదువుతూ ముందు పడీపడీ నవ్వి, ఆ తరవాత ముక్కు చీదుతుంటే మా లెక్కల మేడం ఎవరైనా పోయారా అని అడిగింది. మా అన్నయ్య అంత మాట అన్నాడా? నా పెళ్లిలో అప్పగింతలప్పుడు "బస్సు టైమైంది" అన్నవాడు!

ఉండ్రాళ్లు అందాయి. లోపల అమ్మ చేతి బొబ్బట్లు కూడా ఉన్నాయి. నువ్వు పెట్టావా, ఆవిడే పెట్టిందా? ఫోను చేస్తే ఎత్తడం లేదు.

నీతో ఒక పని. లెక్కల మేడం కూడా ఆ చిన్న లాప్‌టాప్ కొంటుందట. నేను చెప్పేవన్నీ పుస్తకాల్లోవి, నువ్వు వాడినదానివి. కొన్నాళ్లు వాడాక, ఎలా ఉందో నిజాయితీగా రాయి.

దుర్గ


రాజోలు,
2 నవంబరు.

దుర్గా,

నీ లెక్కల మేడానికి ఆలస్యమైందని చెప్పు. ఇల్లు, కాయలు, రెండో నవల, మూడూ కలిసి ఊపిరాడనివ్వలేదు. పండగకి నువ్వొచ్చి వెళ్లాక ఇదే తీరిక.

లాప్‌టాప్ మంచిదే. చప్పుడు లేదు, రెండు రోజులకోసారి చార్జింగు, ఎక్కడికైనా చంకలో పెట్టుకుపోవచ్చు. కన్నాలు రెండే అన్న బాధ నిజం. నేను కొన్న తోక నెలకే ఊడింది, ఇది రెండోది. తెర మీద వేలిముద్ర పడితే పోదు. ఇక్కడి ఉప్పుగాలికి మూత కీలు దగ్గర ఒక మచ్చ వచ్చింది, గుడ్డ చుట్టి పెట్టుకుంటే మేలు. చదివేపనీ, రాసేపనీ, తిరిగేపనీ ఉంటే కొనుక్కోమను. ఇంట్లో బల్ల మీద పెట్టి వాడుకునేదానికైతే వద్దు, దండగ. మీ అన్నయ్య మాత్రం తనదే గొప్పదని ఇప్పటికీ ఒప్పుకోరు. "నాదాన్లో సీడీ పడుతుంది" అంటారు. అత్తయ్యగారు కూడా ఆయన పక్షమే, హారతి వీడియోలు పెద్ద తెర మీద బాగుంటాయట.

ఇంకో సంగతి. గురువారం నా నవల బయటికి వచ్చింది. సాయంత్రం ఐదింటికి వరండాలో మీ అన్నయ్య తన ఫోనులో పెట్టారు. అత్తయ్యగారు కళ్లు మూసుకుని విన్నారు. అధ్యాయం సగం అయ్యేదాకా కదల్లేదు. అప్పుడు, "ఎవర్తే ఇది? బలే సదువుతంది" అన్నారు.

"నేనేనండి."

"కాదు."

"నేనేనండి అత్తయ్యగారూ. కొబ్బరి గదిలో చదివింది అదే."

"ఆ రాచ్చసుడి గొంతు నువ్వంటే నమ్మేను. ఇది నువ్వు కాదు. నీ గొంతు నాకు తెలీదా? ఆయ్ అంటావు. అలాగేనండి అంటావు. వడ్డించేయనా అంటావు. ఇరవై రెండేళ్లుగా అంతేగా?"

ఆవిడ దెప్పాలని అనలేదు దుర్గా. నిజంగానే అన్నారు. మీ అన్నయ్య ఫోను ఆపేసి, నేలచూపులు చూస్తూ కూర్చున్నారు.

లోపలికి వెళ్లి నవల తెచ్చాను. ఫోను ఆగిన చోటు వెతికి, అక్కడి నుంచి మొదలుపెట్టాను. నాలుగో వాక్యంలో, తాళంచెవి పోగొట్టుకున్న ముసలావిడ మాట్లాడుతుంది. ఆ గొంతు రాగానే అత్తయ్యగారు ఒకసారి ఫోనువైపు, ఒకసారి నావైపు చూశారు. మళ్లీ ఫోనువైపు చూశారు. అది మూగగా ఉంది.

నేను పేజీ తిప్పబోతుంటే ఆవిడ చాప మీద ఒక పక్కకి జరిగారు.

"కూకో. నిలబడి సదివితే ఆయాసం రాదూ?" అన్నారు. నేను కూర్చున్నాక, "ఆ తాళంచెవి ఎవడు తీసేడో తేలేదాకా లేవకు" అన్నారు.

వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వచ్చింది. మీ అన్నయ్య లేచి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చారు.

నేను లేవలేదు.

నీ వదిన
సత్యవేణి